మంచును తూచిన మనీషి

నీటి విలువ ఎరిగిన సమాజాలన్నీ నీటిని కొలవడం కూడ నేర్చుకొన్నాయి. చెరువు నీటిమట్టాన్ని తూము రాతిమీద గుర్తించడం, కాలువనీటిని వంతులవారీగా పంచుకోవడం మన పల్లెసీమలకు కొత్త కాదు. కంటికెదురుగా ఉన్న నీటిని కొలవడం సులభమే. కాని పర్వతశిఖరాలమీద హిమరూపంలో పేరుకొని, నెలల తరబడి కదలక మెదలక ఉండి, వేసవి రాగానే నదులై ప్రవహించే నీటిని ముందుగానే లెక్కకట్టడం ఎట్లా? ఈ ప్రశ్నకు సమాధానం కనుగొన్న ఘనత ఒక సాహిత్యోపాధ్యాయునికి దక్కింది. కళాశాలలో లాటిన్ పాఠాలు చెప్పుకొంటూ, సెలవు దొరికినప్పుడల్లా మంచుకొండలెక్కిన ఆ మహనీయుని పేరు జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్.

చర్చ్ 1869వ సంవత్సరం ఫిబ్రవరి 15వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిషిగన్ రాష్ట్రంలో, హోలీ అనే చిన్న ఊరిలో జన్మించాడు. 1892లో మిషిగన్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడై, ఆ సంవత్సరమే దూరపశ్చిమాన ఉన్న నెవాడా రాష్ట్రానికి వెళ్ళి, రీనో పట్టణంలోని విశ్వవిద్యాలయంలో లాటిన్, జర్మన్ భాషల బోధకుడుగా చేరాడు. కొంతకాలం తరువాత జర్మనీకి వెళ్ళి, మ్యూనిక్ విశ్వవిద్యాలయం నుండి 1901లో డాక్టరేట్ పట్టం అందుకొన్నాడు. ప్రాచీన రోమనుల సమాధులపై చెక్కిన లాటిన్ శాసనాల భాష ఆయన పరిశోధనాంశం. శిథిలశిలలపై మిగిలిన అక్షరాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, వాటిని పోల్చి, అర్థనిర్ణయం చేసే ఓర్పు ఆయనకు ఆ విద్యవల్ల అలవడింది. తరువాతి జీవితంలో మంచుకొండలమీద ఆయనకు తోడునిలిచింది ఆ ఓర్పే.

రీనో పట్టణం సియెర్రా నెవాడా పర్వతశ్రేణికి తూర్పుపాదంలో ఉన్నది. స్పానిష్ భాషలో ఆ పేరుకు మంచుతో కప్పబడిన పర్వతశ్రేణి అని అర్థం. పసిఫిక్ మహాసముద్రంమీదుగా వీచే తేమగాలులు ఆ పర్వతాలకు తగిలి పైకిలేచి, చల్లబడి, తమ నీటిలో అధికభాగాన్ని అక్కడే మంచుగా విడిచిపెడతాయి. పర్వతాలను దాటి తూర్పుకు వచ్చే గాలిలో మిగిలే తేమ స్వల్పం. అందువల్లనే నెవాడా అమెరికాలోకెల్లా మిక్కిలి పొడి రాష్ట్రమైంది. అక్కడి రైతుకు పంట పండాలన్నా, పట్టణవాసికి త్రాగునీరు అందాలన్నా శీతకాలంలో కొండలమీద కురిసిన మంచే ఆధారం. ఆ కొండలనడుమ, 6,200 అడుగులకు మించిన ఎత్తున, కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దుమీద టాహో అనే విశాలమైన సరోవరం ఉన్నది. దానినుండి పుట్టిన ట్రకీ నది రీనో నగరం గుండా ప్రవహించి, సముద్రాన్ని చేరకుండానే ఎడారిలోని పిరమిడ్ సరస్సులో కలిసిపోతుంది.

రీనోలో కాపురముండేవారికి నైరుతిదిశగా రోజ్ పర్వతం కనిపిస్తూ ఉంటుంది. దాని ఎత్తు దాదాపు 10,780 అడుగులు. శీతకాలంలో ఆ శిఖరంవైపు వెళ్ళడానికి ఆనాడు ఎవరూ సాహసించేవారు కారు. చర్చ్ 1895లో ఆ సాహసానికి పూనుకొని, మంచునేలమీద కూరుకుపోకుండా నడిపించే పాదుకలు ధరించి శిఖరాన్ని చేరాడు. ఆయన భార్య ఫ్లోరెన్స్ కూడ ఆ పర్వతయాత్రలలో ఆయనకు తోడుగా నడిచింది. మొదట ఇది కేవలం ప్రకృతిప్రియత్వం. పోనుపోను ఆ ప్రియత్వం జిజ్ఞాసగా మారింది. లోయలోని పండ్లతోటలను తుషారం దెబ్బతీయడానికి ముందు, ఆ శైత్యపు జాడ శిఖరంమీద కనిపిస్తుందేమో పరిశీలించాలని ఆయన సంకల్పించాడు. 1905లో శిఖరంమీద వాతావరణ పరికరాలను నెలకొల్పాడు. మరుసటి సంవత్సరానికి అక్కడొక చిన్న పరిశీలనశాల వెలసింది. పాఠాలు ముగించుకొని, ఈదురుగాలులలో, అరికాలు నుండి నడినెత్తివరకు మంచు కప్పుతూండగా, ఆ పరికరాలలోని లెక్కలు వ్రాసుకొనడానికి ఆయన కొండనెక్కేవాడు.

ఈ పరిశీలనల నడుమ ఆయన దృష్టి మంచులో దాగిన నీటిమీదికి మళ్ళింది. మంచు ఎంత లోతున ఉన్నదో చూచినంతమాత్రాన అందులో ఎంత నీరున్నదో తెలియదు. అప్పుడే కురిసిన మెత్తని మంచు పది అంగుళాలు కరిగితే సుమారు ఒక్క అంగుళం నీరవుతుంది. నెలల తరబడి ఒత్తిడికి గట్టిపడి, కరిగి, మళ్ళీ గడ్డకట్టిన వసంతకాలపు మంచైతే అదే పది అంగుళాలనుండి నాలుగంగుళాల నీరు రావచ్చు. వర్షమాపకాన్ని పెట్టి కురిసే మంచును పట్టుకొందామంటే కొండగాలి అడ్డం వస్తుంది. పాత్ర అంచున గాలి సుడులు తిరిగి, తేలికైన మంచురేకులను ప్రక్కకు త్రోసివేస్తుంది. అందువల్ల పాత్రలో పడిన మంచు నేలమీద పడినదానికంటె చాల తక్కువగా ఉంటుంది. గాలి ఉద్ధృతమైన చోట్ల ఈ నష్టం సగానికి మించిన సందర్భాలూ ఉన్నాయి. కనుక నేలమీద నిలిచిన మంచునే తూచవలెనని చర్చ్ నిశ్చయించుకొన్నాడు.

అందుకాయన రూపొందించిన పరికరం రోజ్ పర్వతం పేరుతోనే ప్రసిద్ధమైంది. అది కొన్ని ముక్కలుగా విడదీసి, మళ్ళీ కలుపుకొనడానికి వీలైన పొడవైన లోహపుగొట్టం. దాని అడుగు అంచుకు రంపపు పళ్ళవంటి కోతలుంటాయి. ఆ గొట్టాన్ని నిలువుగా మంచులోనికి దించి, త్రిప్పుతూ నేలదాక పోనిచ్చి పైకి తీస్తే, పైపొరనుండి అడుగుపొరవరకు మంచుస్తంభం ఒకటి గొట్టంలో చిక్కుకొని వస్తుంది. దానిని గొట్టంతోసహా స్ప్రింగుత్రాసుకు తగిలించి తూచి, ఖాళీగొట్టం బరువును తీసివేస్తే మంచు బరువు తేలుతుంది. గొట్టపు లోపలి వ్యాసాన్ని 1.485 అంగుళాలుగా నిర్ణయించడంలో ఆయన మేధాశక్తి కనబడుతుంది. ఆ వ్యాసానికి మంచు ఒక ఔన్సు బరువు తూగితే, అందులో సరిగా ఒక అంగుళం లోతు నీరున్నట్లు లెక్క. కొండమీద, వేళ్ళు కొంకర్లుపోయే చలిలో గుణకారభాగహారాలతో పని లేదు. త్రాసుముల్లే నీటి లోతును చెబుతుంది.

ఒక్కచోట తూచి కొండంతటికీ తీర్పు చెప్పడం తగదని చర్చ్‌కు తెలుసు. గాలి ఒకచోటి మంచును ఊడ్చుకొనిపోయి మరొకచోట గుట్టపోస్తుంది. అందుచేత గాలితాకిడి తక్కువగా ఉన్న తావులను ఎన్నుకొని, వరుసగా గుర్తులు నాటి, ఏటేటా అవే గుర్తులవద్ద, అవే తేదీల ప్రాంతంలో మంచును తూచే పద్ధతిని ఆయన నెలకొల్పాడు. చెట్లకూ మంచుకూ గల సంబంధాన్నికూడ పరిశీలించాడు. దట్టమైన అడవిలో కొంత మంచు కొమ్మలమీదనే నిలిచి ఆవిరైపోతుంది. చెట్లులేని బయలులో మంచును ఎండా గాలీ హరిస్తాయి. నడుమనడుమ చిన్నచిన్న ఖాళీలున్న అడవి మంచును చక్కగా పట్టి, చిరకాలం నిలుపుతుందని ఆయన తేల్చాడు. అడవుల పోషణకూ నీటి పోషణకూ గల బంధాన్ని ఆ విధంగా ఆయన అంకెలలో చూపించాడు.

ఆయన విద్యకు అసలైన పరీక్ష టాహో సరోవరం వద్ద ఎదురైంది. సరోవరంనుండి నది బయలుదేరేచోట తలుపులున్న ఆనకట్ట ఒకటి ఉండేది. దిగువన విద్యుత్కేంద్రాలకూ పొలాలకూ వేసవిలో నీరు కావాలి. సరోవరాన్ని నిండుగా ఉంచితే వారికి భరోసా. కాని నిండుసరోవరంలోనికి మంచు కరిగి వరదగా వచ్చి చేరితే ఒడ్డున ఇండ్లూ భూములూ ఉన్నవారికి ముంపు తప్పదు. ముందుగానే నీరు వదలివేస్తే, ఆ ఏడు మంచు తక్కువైనపుడు దిగువవారికి కరువు. ఎంత నీరు రానున్నదో ఎవరికీ తెలియకపోవడంతో ఒకరిపై ఒకరికి అనుమానం పెరిగి, ఆ అనుమానం తగవులకు దారితీసింది.

1911 ప్రాంతంలో చర్చ్ తన మంచులెక్కలను ఈ వివాద పరిష్కారానికి ఉపయోగించాడు. ఆయన అనుసరించిన సూత్రం సరళమైనది. ఒక ప్రాంతంలో ఏటా సగటున ఎంత మంచునీరు నిలుస్తుందో లెక్కకట్టి, ఈ ఏటి మంచు అందులో ఎన్నో వంతో చూడాలి. మంచు సగటులో ఎన్నో వంతైతే, కరిగి వచ్చే నీరూ ఇంచుమించుగా సగటులో అన్నో వంతే అవుతుంది. దీనికి శాతపద్ధతి అని పేరు వచ్చింది. ఆయన గొట్టం మంచును కొంచెం ఎక్కువగా తూచుతుందని తరువాతి పరిశీలకులు కనుగొన్నారు. కాని ఏటేటా అదే గొట్టంతో, అవే తావులలో తూచినందువల్ల ఆ హెచ్చు రెండువైపులా సమానమై, నిష్పత్తి చెడలేదు. వసంతారంభంలోనే సరోవరం ఎన్ని అడుగులు పెరగనున్నదో తెలియడంతో, తలుపులు ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది ఊహకు వదలక లెక్కతో నిర్ణయించడానికి వీలు కలిగింది. సరోవరం నీటి పంపిణీపై సమగ్రమైన ఒప్పందం 1935లో కుదిరింది. అప్పటికి ఇరుపక్షాలూ నమ్మదగిన కొలత ఒకటి పాతికేళ్ళుగా వాడుకలో ఉన్నది.

రోజ్ పర్వతంమీద పుట్టిన ఈ విద్య క్రమంగా దేశమంతటా విస్తరించింది. 1929లో కాలిఫోర్నియా రాష్ట్రం మంచుసర్వేను చేపట్టింది. 1935లో అమెరికా కేంద్రప్రభుత్వం పశ్చిమరాష్ట్రాలన్నింటికీ వర్తించే విధంగా మంచుసర్వేను ప్రారంభించింది. చర్చ్ 1920లలో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధక బృందంతో గ్రీన్‌లాండ్‌కు వెళ్ళి ధ్రువప్రాంతపు హిమాన్ని పరిశీలించాడు. హిమవిజ్ఞానంపై ఏర్పడిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత వహించాడు. 1947లో, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, హిమాలయాలలో మంచుసర్వేకు మార్గం చూపడానికి భారతదేశానికి వచ్చాడు. మన ఉత్తరాదినదులను పోషించే మంచును కొలవాలన్న ఆలోచనకు బీజాలు పడినవేళ ఆ వృద్ధపండితుని అనుభవం మన దేశానికి తోడ్పడింది.

చర్చ్ జీవిత చరమదశలో మంచుకు సంబంధించిన మరొక కొత్త ఆలోచన లోకాన్ని ఆకర్షించింది. మేఘాలలోని సూక్ష్మమైన నీటితుంపరలు సున్నా డిగ్రీలకంటె చల్లబడినా ఒక్కోసారి గడ్డకట్టకుండా ద్రవరూపంలోనే ఉండిపోతాయి. అట్టి మేఘంలో ఘనీభవించిన కార్బన్ డయాక్సైడ్ పలుకులను చల్లితే మంచుస్ఫటికాలు ఏర్పడతాయని విన్సెంట్ షేఫర్ అనే శాస్త్రజ్ఞుడు 1946లో కనుగొన్నాడు. ఆ సంవత్సరం నవంబరు 13న విమానంలో వెళ్ళి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేలాక్ పర్వతప్రాంతంలో ఒక మేఘంమీద ప్రయోగించి చూచాడు. ఆ నెలలోనే సిల్వర్ అయొడైడ్ స్ఫటికాలు కూడ ఆ పని చేయగలవని బెర్నార్డ్ వానెగట్ గుర్తించాడు. మనం మేఘమథనమని పిలిచే ప్రక్రియకు నాంది ఇదే. కొన్నేళ్ళలోనే పశ్చిమపర్వతాలమీద జలవిద్యుత్ సంస్థలు, నీటిపారుదల సంఘాలు మేఘమథనానికి పూనుకొన్నాయి. కొండవాలున ఉంచిన పొయ్యిలనుండి సిల్వర్ అయొడైడ్ పొగను పైకి పంపి, శీతకాలమేఘాలనుండి అదనపు మంచును రాబట్టడం వారి ఉద్దేశం.

చర్చ్ మేఘాన్ని మథించినవాడు కాడు. అయినా మేఘమథనం ఫలించిందా లేదా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు అందరూ ఆశ్రయించినది ఆయన నేర్పిన విద్యనే. పొగ పంపిన తరువాత మంచు కురిసినంతమాత్రాన, ఆ మంచు పొగవల్లనే కురిసిందని చెప్పలేము. పొగ లేకపోయినా అది కురిసేదేమో! ప్రకృతి చపలత్వం సామాన్యమైనది కాదు. కాలిఫోర్నియాలో 2015 ఏప్రిల్ నెలారంభంలో కొండలమీది మంచునీరు సగటులో 5 శాతం మాత్రమే ఉన్నది. 2023లో అదే కాలానికి సగటుకు రెండింతలు మించింది. మేఘమథనంవల్ల కలుగుతుందని చెప్పే లాభమో, సాధారణంగా 5 నుండి 15 శాతం లోపలిది. ప్రకృతి తానుగా చేసే ఇంతటి హెచ్చుతగ్గులలో ఈ కొద్దిపాటి హెచ్చును గుర్తించడం సంతలోని కోలాహలంలో ఒక్క గొంతును పోల్చుకొనడంవంటిది.

ఒక మడికి ఎరువు వేసి, ప్రక్కమడికి వేయక, రెండింటి దిగుబడిని పోల్చిచూచే రైతు పద్ధతినే శాస్త్రజ్ఞులు ఇక్కడ అవలంబించారు. మేఘమథనం చేసిన పరీవాహకప్రాంతపు మంచును, చేయని పొరుగుప్రాంతపు మంచుతో పోల్చారు. అంతకుముందు పలు సంవత్సరాలలో ఆ రెండు ప్రాంతాల మంచుకు గల నిష్పత్తి తెలిసి ఉంటేనే ఈ పోలిక నిలుస్తుంది. ఆ నిష్పత్తిని ఇచ్చినవి దశాబ్దాలుగా ఒకేచోట, ఒకే తీరున తూచి వ్రాసిపెట్టిన మంచులెక్కలే. అయినప్పటికీ అనుకూలించే మేఘాలను ఎన్నుకొనడంలో మనిషి పక్షపాతం చొరబడవచ్చు. అందువల్ల ఏ మేఘాన్ని మథించాలి, దేనిని విడిచిపెట్టాలి అన్నది చీట్లువేసినట్లు నిర్ణయించే పద్ధతి వచ్చింది. వయోమింగ్ రాష్ట్రంలో 2008 నుండి 2014 వరకు రెండు పర్వతశ్రేణులమీద ఇట్లే ప్రయోగించి చూడగా, మొత్తంమీద కనిపించిన హెచ్చు సుమారు 3 శాతం. అది కేవలం యాదృచ్ఛికం కావడానికి కూడ అవకాశం ఉన్నదని లెక్కలు తెలిపాయి. 2017 జనవరిలో ఐడహో రాష్ట్రపు కొండలమీద రాడార్ల సహాయంతో మరొక ప్రయోగం జరిగింది. విమానం సిల్వర్ అయొడైడును చల్లిన దారివెంటనే మంచు ఏర్పడి, నేలకు దిగడాన్ని శాస్త్రజ్ఞులు స్పష్టంగా చూడగలిగారు. మూడు సందర్భాలలో కురిసిన మంచును కొలిస్తే, అది మొత్తం సుమారు 7 లక్షల ఘనమీటర్ల నీటికి సమానమని తేలింది. మేఘమథనానికి ఫలితముందని అది చాటింది. ఒక శీతకాలమంతటికీ ఆ ఫలితం ఎంత అన్నదానికి మాత్రం ఇంకా ఓపికతో కొలవవలసి ఉన్నది.

ఈ పరీక్ష పరాయిదేశాలకే పరిమితమైనది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ప్రారంభమై కొన్నేళ్ళు సాగిన మేఘమథనం విషయంలోనూ, వానకోసం ఆకాశంవైపు చూచిన రైతులు అడిగినదీ ఇదే ప్రశ్న. కురిసిన వానలో మేఘుని వంతెంత, మనిషి వంతెంత? దానికి జవాబు చెప్పవలసినవి ఏండ్లతరబడి నిజాయతీగా వ్రాసిపెట్టిన కొలతలే.

చర్చ్ 1959లో రీనోలో కన్నుమూశాడు. ఆ సంవత్సరమే నెవాడా రాష్ట్రంలో ఎడారి పరిశోధనసంస్థ ఆవిర్భవించింది. తరువాతి దశాబ్దాలలో ఆ సంస్థ శాస్త్రజ్ఞులు టాహో, ట్రకీ కొండలమీద మేఘమథనం చేసి, నేలపై నిలిచిన మంచును పొరలుపొరలుగా సేకరించి, అందులో వెండి జాడ ఎంతున్నదో పరీక్షించారు. పొగ చేరవలసినచోటికి చేరిందో లేదో ఆ వెండి చెబుతుంది. రోజ్ పర్వతంమీద చర్చ్ ప్రారంభించిన మంచుపఠనం ఆ విధంగా సూక్ష్మతరమైంది. కాలక్రమాన కొండలమీద స్వయంచాలక కేంద్రాలు వందల సంఖ్యలో వెలశాయి. అయినా పరిశీలకులు నేటికీ గొట్టమూ త్రాసూ మోసుకొని మంచులో నడిచివెళ్ళి, చర్చ్ చూపిన తీరుననే తూచి వస్తున్నారు.

రోజ్ పర్వతానికి చేరువనున్న ఒక శిఖరానికి ఆయన పేరు పెట్టారు. విశ్వవిద్యాలయంలో ఆయన పేరు ధరించిన భవనం లలితకళలకు నిలయమైంది. సాహిత్యాన్నీ కళలనూ ప్రేమించిన ఆ మంచుశాస్త్రవేత్తకు అంతకంటె తగిన స్మారకం లేదు. ఆయన చితాభస్మాన్నీ, ఆయనతోపాటు కొండలెక్కిన ఫ్లోరెన్స్ భస్మాన్నీ ఆ భవనపు పునాదిరాతిలో నిక్షేపించారు.

లాటిన్ శాసనంలో లేని అక్షరాన్ని ఉన్నట్లు చదవకూడదన్నది పండితధర్మం. మంచులో లేని నీటిని ఉన్నట్లు చెప్పకూడదన్నది చర్చ్ పాటించిన ధర్మం. టాహో ఒడ్డున పొరుగువారి తగవును చల్లార్చినది ఆ ధర్మమే. ప్రకృతి ఇచ్చిన దానిని ముందుగా నిజాయతీతో కొలిచినవారికే, తాము దానికి ఎంత చేర్చామో చెప్పుకొనే అర్హత కలుగుతుంది.